బాపు అడిగిన పేర్లు

మొన్న క్రిస్మస్ సెలవులకు శ్రీరాంపూర్ వెళ్ళాను. ఆరాధన ముగిసి, గుడి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ ఉంటే మా సంఘంలోని యౌవనస్థుడొకడు నన్ను ఆపాడు. "అన్నా, నువ్వు చేసే ఉద్యోగంలకు మాబోటోళ్ళు రావాల్నంటే ఏం చెయ్యాలె?" అని అడిగాడు. డిప్లొమా చదివిన పిల్లవాడు. తొమ్మిదేళ్ళుగా ఒక కాంట్రాక్టరు దగ్గర పంపుల మరమ్మతు చూస్తున్నాడు. అక్కడే నిలబడి అరగంట ఏదో చెప్పాను గాని, ఇంటికి వచ్చాక సరిగా చెప్పలేదనిపించింది. ఈ పత్రిక చదివే కుటుంబాలలో గనులలో, మిల్లులలో, ఫ్యాక్టరీలలో పదేళ్ళు పదిహేనేళ్ళు చెమటోడ్చిన బిడ్డలు చాలామంది ఉన్నారు గనుక, ఆ మాటలే నిదానంగా ఇక్కడ రాస్తున్నాను.

నా ఉద్యోగం పేరు చెబితే మా వాడలో ఎవరికీ అర్థం కాదు. అమ్మ ఇప్పటికీ "మా పెద్దోడు హైదరాబాదుల కంపెనీలను చూసుకుంటడు" అంటుంది. అందులో తప్పేమీ లేదు. ప్రైవేట్ ఈక్విటీ అని ఒక వ్యాపారం ఉన్నది. పింఛను నిధులు, బీమా సంస్థలు, బాగా కలిగిన కుటుంబాలు తమ డబ్బును ఒక ఫండులో వేస్తారు. ఆ ఫండును నడిపేవారు ఆ డబ్బుతో ఏదైనా కంపెనీలో పెద్ద వాటా కొంటారు, ఒక్కోసారి మొత్తం కంపెనీనే కొంటారు. నాలుగేళ్ళో ఏడేళ్ళో ఉంచుకొని, బాగుచేసి, ఎక్కువ ధరకు అమ్ముతారు.

ఇదేదో విదేశాల ముచ్చట అనుకోవద్దు. 1978లో హైదరాబాదులో పుట్టిన గ్లాండ్ ఫార్మాలో అమెరికాకు చెందిన కె.కె.ఆర్. సంస్థ 2014లో వాటా కొన్నది, 2017లో చైనాకు చెందిన ఫోసున్‌కు అమ్ముకొని వెళ్ళిపోయింది. చెత్తను శుద్ధిచేసే రాంకీ ఎన్విరోలో 60 శాతం వాటాకు అదే కె.కె.ఆర్. 2018లో ఒప్పందం చేసుకున్నది. కేర్ ఆసుపత్రులు 2012లో అడ్వెంట్ అనే ఫండు చేతికి, 2016లో అబ్రాజ్ చేతికి వెళ్ళాయి. మధ్యలో ఇంకొకరి చేయి కూడా మారి, 2023లో బ్లాక్‌స్టోన్ వంతు వచ్చింది. మంచం మీద రోగికి ఇదేమీ తెలియదు. డాక్టరు అదే, నర్సమ్మ అదే, యజమాని మాత్రం మారిపోతాడు.

కొనడం, అమ్మడం డబ్బు లెక్కలు తెలిసినవారి పని. పెద్ద పెద్ద కాలేజీలలో చదివినవారు, చార్టర్డ్ అకౌంటెంట్లు ఆ పని చేస్తారు. మరి కొన్న తర్వాత బాగుచేసేదెవరు? అక్కడ ఫ్యాక్టరీ మనిషి కావాలి. కె.కె.ఆర్. ఈ పనికోసమే 2000లో క్యాప్‌స్టోన్ అనే ప్రత్యేక బృందాన్ని పెట్టుకున్నది. మనదేశంలో పనిచేసే ఫండులు కూడా కొన్ని ఇటువంటివారిని పెట్టుకుంటున్నాయి. దీన్నే ఆపరేషన్స్ ఉద్యోగం అంటారు. నేను చేసేది అదే.

ఇదంతా మా బాపుకు చెప్పినప్పుడు ఆయన బీడీ పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు. (బీడీ మానమని అయ్యగారు కూడా చెప్పి చూశారు.) "అంటే అంగట్ల ఎండిన బర్రెను కొని, సాకి, ఈనినంక అమ్ముడు. నువ్వు మేపెటోనివి. గంతేనా?" అన్నాడు.

"గంతే బాపూ."

"బర్రె నీదా?"

"కాదు."

"పాలు?"

"కొంచెం."

"ఇగ నీకు బర్రె మీద పావురం ఎందుకుంటది?" అని నవ్వాడు. ఆ రోజు నేనూ నవ్వి ఊరుకున్నాను.

బాపు శ్రీరాంపూర్‌లో భూగర్భ గనిలో కోల్ ఫిల్లర్. తట్ట, చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బులు నింపినవాడు. ఆ పని ఇప్పుడు యంత్రాలది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల ప్రాంతానికి తగ్గారు. నేను డిప్లొమా పూర్తిచేసే నాటికి నాకు గనిలో చోటు దొరకలేదు. ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మూడేళ్ళు, తర్వాత మందుల సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు మెయింటెనెన్స్‌లో పనిచేశాను. సాయంకాలపు క్లాసులకు వెళ్ళి ఇంజనీరింగ్ డిగ్రీ కూడా సంపాదించాను. రాత్రి రెండింటికి కంప్రెసర్ ఆగిపోతే లేచి వెళ్ళేవాడిని నేనే.

2014లో ఆ సీసాల కంపెనీలో ఒక ఫండు వాటా కొన్నది. అప్పుడు మొదటిసారి వాళ్ళ మనుషులను చూశాను. ఒకాయన మెషీన్ పక్కన నా దగ్గర నిలబడి నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఆ నాలుగూ మేము పదేళ్ళుగా అడగవలసినవి! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ పని నేనూ చేయగలనని అనిపించింది.

ఏడాది తర్వాత వేరొక ఫండుకు దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకు పిలిచారు. ఇక్కడ నా అవివేకాన్ని దాచకుండా చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువమంది జారేది ఇక్కడే. నేను నా కాగితం మీద గేరుబాక్సులు, మోటార్లు, కన్వేయర్లు అన్నీ వరుసగా రాసుకున్నాను. ఎన్ని టన్నుల యంత్రం ఎన్ని గంటల్లో బిగించానో రాశాను. వారు వినయంగానే విన్నారు. చివరకు ఒకామె, "మీరు చేసిన ఈ పనుల వల్ల కంపెనీకి సంవత్సరానికి ఎన్ని రూపాయలు మిగిలాయి?" అని అడిగింది. నా నోట మాట రాలేదు. మిగిలిన మాట నిజం. ఎంతో నాకు తెలియదు. పద్నాలుగేళ్ళ పనిని నేను ఒక్కసారైనా రూపాయల్లో లెక్క కట్టలేదు. నా ఇంగ్లీషు వల్లనే ఉద్యోగం రాలేదని ఇంట్లో చెప్పుకున్నాను గాని, అది నిజం కాదు. తెలుగులో అడిగినా నాకు జవాబు లేదు.

మా ఫ్యాక్టరీ లెక్కల విభాగంలో పదవీ విరమణకు దగ్గరపడిన పెద్దాయన ఒకరుండేవారు. ఆయనకు మోటారు అంటే ఏమిటో తెలియదు, నాకు లాభనష్టాల పట్టిక అంటే ఏమిటో తెలియదు. శనివారం సాయంత్రాలు ఆయన పక్కన కూర్చొని నేర్చుకున్నాను. దాదాపు ఏడాది పట్టింది. సరుకు అమ్మగా వచ్చిన డబ్బు, ముడిసరుకు, కరెంటు, జీతాలు, మరమ్మతులు. ఇవన్నీ పోగా, వడ్డీ, పన్ను, యంత్రాల తరుగుదల తీయకముందు మిగిలేదాన్ని ఎబిట్డా అంటారు. ఈ మాట వినగానే మనవాళ్ళు భయపడతారు. భయపడవలసినది ఏమీ లేదు.

కొనేవారు సాధారణంగా కంపెనీ విలువను ఈ మిగులుకు ఇన్ని రెట్లు అని కడతారు. పది రెట్లు అనుకుందాం. మీరు ఫ్యాక్టరీలో గాలి పైపుల లీకులు బిగించి, ఖాళీగా తిరిగే మోటార్లు ఆపించి, ఏడాదికి 1 కోటి రూపాయల కరెంటు మిగిల్చారు. జీతగాడికి అది ఒక కోటి. అమ్మేవాడికి అది పది కోట్లు, ఎందుకంటే ఆ మిగులు ఏటేటా వస్తుందని కొనేవాడు నమ్ముతాడు. పానా పట్టుకున్న మనిషికి ఫండువారు కుర్చీ వేసి కూర్చోబెట్టేది ఇందుకే. మన మీద ప్రేమ చేత కాదు. ఇంకొక సంగతి, గోదాములో ఆరునెలల స్పేర్ పార్టులు మూలుగుతుంటే, అది అలమరలో పెట్టి తాళం వేసిన డబ్బు. దాన్ని రెండు నెలలకు తగ్గిస్తే ఎవరి జీతమూ కోయకుండా డబ్బు బయటికి వస్తుంది. మెయింటెనెన్స్ మనిషికి ఏ బేరింగు నిజంగా కావాలో, ఏది ఊరికే కొన్నారో తెలుసు. చార్టర్డ్ అకౌంటెంటుకు తెలియదు.

అప్పుడు నా పాత పనులన్నీ తిరగేసి లెక్కలు కట్టాను. పాత కరెంటు బిల్లులు, స్టోర్ రిజిస్టర్లు అడిగి చూశాను. ఆరు పేజీల కాగితం ఒక్క పేజీ అయింది. ప్రతి వరుసలో మూడే మాటలు: ముందు ఎంత ఉండేది, నేనేం చేశాను, తర్వాత ఎంత అయింది.

నేరుగా ఫండు ఆఫీసులోకి పోవడం మనబోటివారికి అరుదు. ఎక్కువమంది ఫండు కొన్న కంపెనీలోకి ముందు వెళతారు, ప్లాంట్ హెడ్‌గానో, ఖర్చులు తగ్గించే ప్రాజెక్టు చూసేవాడిగానో. అక్కడ రెండు మూడేళ్ళు ఫలితం చూపిస్తే ఫండువారే తమ మిగతా కంపెనీలు చూడమంటారు. మధ్యలో సలహా సంస్థల్లో పనిచేసి వచ్చేవారూ ఉన్నారు. నేను వచ్చింది మొదటి దారిలోనే. 2017లో ఒక ఇనుప పోత ఫ్యాక్టరీకి, అంటే ఫౌండ్రీకి, మనిషి కావాలన్నారు. ఈసారి మాటల ఇంటర్వ్యూ ఒక గంటే. తర్వాత "రెండు రోజులు ఫ్యాక్టరీలో తిరిగి, ఏం కనిపించిందో చెప్పండి" అన్నారు.

నాతోపాటు ఇంకొకరు కూడా వచ్చారు, నాకంటె ఎంతో చదువుకున్నవారు. ఆయన నేరుగా ఆఫీసుకు వెళ్ళి పుస్తకాలు అడిగారు. నాకెందుకో బాపు మాట గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు ఆయన అనేవాడు, "మస్టర్ పడ్డది ఎనిమిది గంటలకు. ల్యాంప్ రూముల నిలబడి, దిగి, నడిచి, ఫేసు కాడికి పోయేటాళ్ళకు పొద్దు సగం ఒడుస్తది. బొగ్గు ఎత్తింది ఎన్ని గంటలో ఎవ్వడు అడగడు" అని. నేను తెల్లవారుజామున వెళ్ళి టైమ్ ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాను. షిఫ్టు మారేటప్పుడు పాతవారు ముందే చేతులు కడుక్కుంటున్నారు, కొత్తవారు హెల్మెట్లకోసం వరుసలో నిలబడ్డారు. కొలిమిలో కరిగిన ఇనుము మాత్రం వేడిగా ఎదురుచూస్తున్నది. దాన్ని చల్లారనివ్వకుండా ఉంచడానికి కరెంటు తాగుతూనే ఉన్నది. షిఫ్టుకు 25 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. మరుసటి రోజు కూడా నిలబడి చూశాను, అదే జరిగింది. దాన్ని యూనిట్లుగా, యూనిట్లను రూపాయలుగా మార్చి ఒక కాగితం మీద ఇచ్చాను. ఉద్యోగం ఇచ్చారు.

జీతం ముందుకంటె ఎక్కువ. దానిపైన, కంపెనీని మంచి ధరకు అమ్మితే కొంత వాటా అని రాసిచ్చారు. ఆ కాగితాన్ని నమ్మి ఇల్లు కట్టవద్దని మా ఆవిడకు అప్పుడే చెప్పాను. అమ్మకం కుదరకపోతే అది వట్టి కాగితమే. కుదిరినా, కొత్త యజమానికి మనం అక్కరలేకపోవచ్చు. నలభై దాటి, పిల్లల చదువులు మధ్యలో ఉన్నవారు ఈ సంగతి ఇంట్లో అందరితో కూర్చొని మాట్లాడుకున్న తర్వాతనే అడుగు వేయాలి. నెలలో సగం రోజులు నేను ఇంట్లో ఉండను. నా చిన్న కూతురి బాప్తిస్మానికి ఆలస్యంగా వచ్చాను. ఆ సంగతి ఆమె ఇప్పటికీ ఎత్తుతుంది.

గుడి మెట్ల దగ్గర ఆ పిల్లవాడికి నేను చెప్పకుండా వదిలేసినది ఇక్కడ చెప్పాలి.

రెండో ఏడాది నా ముందుకు గ్రైండింగ్ విభాగం వచ్చింది. పోత పోసిన ఇనుప ముక్కల అంచులు అరగదీసే చోటు అది. 38 మంది కాంట్రాక్టు కూలీలు. దుమ్ము, చప్పుడు, నిప్పురవ్వలు. రెండు ఆటోమేటిక్ యంత్రాలు తెస్తే 38 మందిలో పది మంది చాలు. యంత్రాల ఖర్చు రెండేళ్ళలోపే తిరిగి వస్తుంది. కాగితం మీద ఇంత తేలికైన లెక్క నాకు అంతకుముందు దొరకలేదు. ఫండువారు మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉండింది.

ఆ ఆదివారం శ్రీరాంపూర్‌లో ఉన్నాను. భోజనాల దగ్గర బాపుకు ఈ లెక్క చెప్పాను, కొడుకు తెలివికి సంతోషిస్తాడని. ఆయన అన్నం కలపడం ఆపి, "ఆ ఇరవై ఎనిమిది మంది పేర్లు తెలుసునా?" అన్నాడు.

తెలియదన్నాను. కాంట్రాక్టరు రిజిస్టరులో ఉంటాయన్నాను.

ఆయన కోప్పడలేదు. పాత సంగతి ఒకటి చెప్పాడు. సింగరేణి 1992లో ఒకసారి, 1996లో మరొకసారి నష్టాలతో బి.ఐ.ఎఫ్.ఆర్. దాకా పోయింది. ఖాయిలా పడిన కంపెనీల సంగతి అప్పట్లో తేల్చిన సంస్థ అది. మూసేస్తారని ఊరంతా అనుకునేవారు. అప్పుడు అధికారులు బావుల మీదికి వచ్చి, కార్మికులను కూర్చోబెట్టి, టన్ను బొగ్గు తీయడానికి ఎంత అవుతుందో, అమ్మితే ఎంత వస్తుందో బోర్డు మీద రాసి చూపారు. "నాకు చదువు రాదు. గాని గా రోజు లెక్క సమజైంది. మాకు చెప్పిండ్రు. చెప్పినంక మేము సుత పని చేసినం" అన్నాడు. తర్వాత ఆ కంపెనీ లాభాల్లోకి వచ్చిన సంగతి అందరికీ తెలిసినదే. ప్రభుత్వాల సాయం కూడా ఉన్నది, అదొక్కటే కారణం కాదు. మనుషులు తగ్గిన మాట కూడా నిజమే, ఆ తగ్గినవారిలో మా బాబాయి ఉన్నాడు.

తిరిగి వెళ్ళి రిజిస్టరు తెప్పించాను. పేర్లు నా చేత్తో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరు ఎన్నేళ్ళుగా ఉన్నారు, ఏ ఊరు, ఇంకేం పని వచ్చు. అది రాస్తుంటే నా పాత లెక్కలోని తప్పు ఒకటి బయటపడింది. వందకు తొమ్మిది పోతలు పనికిరాక మళ్ళీ కరిగిస్తున్నాము. అచ్చులు తయారుచేసే దగ్గర నేర్పుగలవారు చాలక అలా అవుతున్నది. గ్రైండింగ్‌లో ఉన్నవారిలో ఆ పని కొంత తెలిసినవారు ఏడుగురు తేలారు. యంత్రాలు ఒకేసారి రెండు గాక, ఒకటి ముందు, ఒకటి ఏడాది తర్వాత అన్నాను. క్యాంటీన్‌లో అందరినీ కూర్చోబెట్టి, కంపెనీ పరిస్థితి బోర్డు మీద రాసి చెప్పాను. ఫండు నుండి ఒకాయన ఫోను చేసి, లెక్కలు కూలీలకు ఎందుకు చెప్పావని గట్టిగానే అడిగాడు. నెలాఖరుకు చెడిపోయే పోతలు తగ్గడం మొదలయ్యాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చివరికి 17 మంది వేరే విభాగాల్లో కుదురుకున్నారు. 11 మంది వెళ్ళిపోయారు. వారికి మూడు నెలల కూలి ఇప్పించగలిగాను, అంతకంటె చేతకాలేదు. ఆ పదకొండు పేర్లు నోటుబుక్కులో అలాగే ఉన్నాయి. ఒకాయన ఇప్పుడు పటాన్‌చెరులో టీ బండి పెట్టుకున్నాడు. నన్ను చూస్తే టీ ఇస్తాడు గాని ఎక్కువ మాట్లాడడు. యంత్రాలు తేకుంటే ఫ్యాక్టరీ నిలబడేదా అంటే నిలబడేది కాదనే నా లెక్క చెబుతుంది. ఆ లెక్కను నేను చాలాసార్లు మళ్ళీ చేశాను. ప్రార్థనలో కూడా చేశాను.

వచ్చే సంవత్సరం ఆ ఫౌండ్రీని అమ్మే ఆలోచనలో ఉన్నారు. ఆ తర్వాత నా సంగతి ఏమిటో నాకింకా చెప్పలేదు.

క్రిస్మస్ మరునాడు ఆ పిల్లవాడు ఇంటికి తన కాగితం తెచ్చాడు. నేను 2015లో పట్టుకెళ్ళినట్టే ఉన్నది: పద్నాలుగు పంపులు, ఆరు మోటార్లు, రెండు వాల్వు స్టేషన్లు. బాపు పక్కన మంచం మీద కూర్చొని వింటున్నాడు. మొదటి వరుస మీద వేలు పెట్టి, "ఈ పంపు నువ్వు బాగుచెయ్యక ముందు నెలకు ఎన్నిసార్లు ఆగేది?" అని అడిగాను.

"నాలుగైదు సార్లు అన్నా."

"ఇప్పుడు?"

"మూడు నెలలకొక్కసారి."

"ఆగినప్పుడల్లా ఎంత నష్టం?"

తల గోక్కున్నాడు. స్టోర్ గుమాస్తాను, షిఫ్టు ఇంచార్జిని అడిగి రాసుకొస్తానన్నాడు. సైకిల్ మోటారు స్టార్టు చేసి, మళ్ళీ ఆపి, "ఎన్ని నెలలవి రాయాలె అన్నా?" అన్నాడు. పన్నెండు నెలలవి అన్నాను. ఆ పంపు మీద పనిచేసే హెల్పర్ల పేర్లు కూడా రాసుకొమ్మని బాపు లోపలి నుండి కేకేశాడు.